మీ ఆవిడ కువైట్‌లో పుట్టడమే మీకు దారి

‘అమెరికా గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 పిటిషన్ అప్రూవై ఏళ్లయింది, ఈబీ-2 (పై చదువులవాళ్ల ఉద్యోగ కేటగిరీ) ఇండియా క్యూ కదలట్లేదు, మా ఆవిడ కువైట్‌లో పుట్టింది, ఏమైనా లాభమా?’ అని అడిగారు. లాభమేనండీ, చాలా!

ముందు ఒక సవరణ. మీ ప్రయారిటీ డేట్, అంటే క్యూలో మీ స్థానం తేల్చే తేదీ, ఐ-140 అప్రూవైన రోజు కాదు. మీ కంపెనీ వేసిన పెర్మ్ (లేబర్ సర్టిఫికేషన్) దరఖాస్తు లేబర్ డిపార్ట్‌మెంట్‌కు అందిన రోజు. అప్రూవల్ నోటీసులో ఉంటుంది, చూసుకోండి.

ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. భార్యాపిల్లలూ ఆ లెక్కలోకే వస్తారు. ఈబీ-2 వాటా దాదాపు 40,000. దేశానికి 7 శాతం పరిమితి కాబట్టి మనకు 2,800 చిల్లర, వేరేవాళ్లు వాడుకోనివి మిగిలితే ఇంకొన్ని. అందుకే వీసా బులెటిన్‌లో (ఏ తేదీ వాళ్ల వంతు వచ్చిందో అమెరికా ప్రభుత్వం నెలనెలా చెప్పే పట్టిక) మన తేదీ నత్తనడక, ఒక్కోసారి వెనక్కి కూడా పోతుంది.

కానీ ఈ దేశం లెక్క పాస్‌పోర్టును బట్టి కాదు, పుట్టిన చోటును బట్టి. భార్యాభర్తల్లో ఒకరు పుట్టిన దేశాన్ని ఇద్దరికీ వాడుకోవచ్చు. దీన్నే క్రాస్ చార్జబిలిటీ అంటారు. అంటే మీరు బులెటిన్‌లో ఇండియా గడి వదిలేసి, మిగతా దేశాల గడి చూడాలి. అక్కడా కొంత వెయిటింగ్ ఉండొచ్చు గానీ మనంత కాదు. (అమెరికాలో పుట్టిన పిల్లల్ని చూపించి ఇలా అడగడం కుదరదు, చాలామంది పొరబడతారు.)

మీ తేదీకి వంతు వచ్చాక ఇద్దరి ఐ-485లూ (అమెరికాలో ఉంటూనే గ్రీన్‌కార్డుకు పెట్టే దరఖాస్తులు) కలిపి వేయండి. మ్యారేజ్ సర్టిఫికెట్, ఆమె బర్త్ సర్టిఫికెట్ జతచేయాలి. అది అరబిక్‌లో ఉంటే ఇంగ్లిష్ అనువాదం ఇప్పుడే చేయించుకోండి.