ప్రశ్నల ఆట నడపబోతున్న మా అమ్మాయికి

చిక్కడపల్లి, హైదరాబాద్

చిరంజీవి అమ్మాయికి పెద్దనాన్న ఆశీస్సులు.

ముషీరాబాద్ కమ్యూనిటీ హాలులో 120 మంది పొదుపు సంఘాల మహిళలకు ఫోన్ మోసాల గురించి మూడు గంటల కార్యక్రమం నిర్వహించే బాధ్యత నీకు అప్పగించారనీ, ఉపన్యాసానికి బదులు టీవీ ప్రశ్నల పోటీలా నడపాలనుకుంటున్నావనీ మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషించాను. బ్యాంకు శిక్షణ కేంద్రంలో ఇరవై ఏళ్లకు పైగా ఇలాంటి ఆటలు నడిపిన అనుభవంతో, నీకు పనికొస్తాయనిపించిన సంగతులు రాస్తున్నాను.

ముందుగా నేను చేసిన తప్పు చెబుతాను. మొదట్లో నేను వేదిక మీద నాలుగు జట్లను కూర్చోబెట్టి, బజర్లు పెట్టించి, ఎదురుగా ఉన్న అరవై మందిని ప్రేక్షకులుగా వదిలేసేవాణ్ణి. ఒకసారి ఒక పెద్దవయసు గుమస్తా తేలికైన ప్రశ్నకు తప్పు జవాబు చెప్పాడు. హాలంతా నవ్వింది, నేను కూడా నవ్వాను. శిక్షణలో మిగిలిన రెండు రోజులూ ఆయన నోరు విప్పలేదు. ఆయన నేర్చుకోవడానికి వచ్చిన విషయాన్ని నా ఆటే ఆయనకు దూరం చేసిందని ఆలస్యంగా గ్రహించాను. నీ హాలుకు వచ్చేవారిలో చాలామంది బడి మానేసి ఏళ్లు గడిచినవారు ఉంటారు కాబట్టి, నలుగురిలో ఒంటరిగా నిలబడి తప్పు చెప్పే పరిస్థితి ఎవరికీ రానివ్వకు.

హిందీలో 2000లో, తెలుగులో 2014లో మొదలైన కోటీశ్వరుడి ఆట గుర్తు తెచ్చుకో. హాట్ సీటులో ఉన్నది ఒక్కరే అయినా, ప్రేక్షకుల సాయం అడిగిన ఆ కొద్ది క్షణాలు హాలులోని ప్రతి ఒక్కరికీ పని దొరుకుతుంది. నీ కార్యక్రమమంతా ఆ క్షణంలాగే సాగాలి. చార్టు కాగితాలు కత్తిరించి ఒక్కొక్కరికీ ఎరుపు, పచ్చ, పసుపు, నీలం రంగుల్లో నాలుగు ముక్కలు ఇవ్వు. అక్షరాలకు బదులు రంగులు పెడితే చదువు రానివారు కూడా వెనుకాడరు. ప్రశ్నను తెలుగులో ఒకసారి, పాతబస్తీ నుంచి వచ్చేవారి కోసం ఉర్దూలో ఒకసారి చదివించు. పదిహేను సెకన్లు ఆగి, నీవు చేయి ఎత్తగానే అందరూ ఒకేసారి రంగు చూపాలి. ఒకేసారి చూపించడం చాలా ముఖ్యం, ఎందుకంటే ముందు ఎత్తినవారిని చూసి మిగిలినవారు రంగు మార్చుకునే అవకాశం ఉండదు. ఫోన్లలో ఆడించే క్విజ్ యాప్‌లు ఉన్నాయి కానీ, సిగ్నల్ అందక, ఛార్జింగ్ లేక సగం మంది ఆటకు దూరమవుతారు.

ఇక ప్రశ్నల విషయానికి వస్తే, నీ శ్రమలో ఎక్కువ భాగం ఇక్కడే పెట్టమని నా కోరిక. ‘యూపీఐని ఏ సంవత్సరంలో ప్రారంభించారు?’ వంటి ప్రశ్న ఆ ఇల్లాలికి దేనికీ ఉపయోగపడదు. దానికి బదులు ఒక సందర్భం చెప్పు: ‘పాత మంచాన్ని ఫోన్‌లో అమ్మకానికి పెట్టారు. కొంటానన్న మనిషి క్యూఆర్ కోడ్ పంపి, దాన్ని స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు మీ ఖాతాలో పడుతుందన్నాడు. మీరేం చేస్తారు?’ ఈ ప్రశ్నకు హాలు రెండుగా చీలుతుంది. చీలిన వెంటనే జవాబు చెప్పేయకు. పక్కవారితో రెండు నిమిషాలు వాదించుకోమని చెప్పి, మళ్లీ రంగులు ఎత్తించు. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం బోధించిన ఎరిక్ మజూర్ 1990లలో ఇదే పద్ధతిని తరగతిలో స్థిరపరిచారు. పక్కింటి మనిషి నచ్చజెప్పినట్లు మనం చెప్పలేమని నా అనుభవం కూడా చెబుతోంది. ఆ తరువాతే నీవు మైకు అందుకుని, డబ్బు రావడానికి పిన్ అవసరం లేదనీ, పిన్ కొట్టమన్నారంటే డబ్బు మన ఖాతా నుంచి పోబోతున్నట్లేననీ వివరించు. అందరికీ తెలిసిన ప్రశ్న అయినా, ఎవరికీ తెలియని ప్రశ్న అయినా ఈ వాదన పుట్టదు కాబట్టి, సగం మంది తప్పుతారనిపించే ప్రశ్నలను ఏరుకో. మూడు గంటలకు అలాంటివి పది ఉంటే చాలు. మొదటి రెండు మాత్రం తేలిగ్గా ఉండనివ్వు, చేతులు లేవడం అలవాటవుతుంది.

మార్కులను మనిషికి కాకుండా పదేసి మంది ఉన్న జట్టుకు ఇవ్వు. ఒకే సంఘం వారిని ఒకే జట్టులో ఉంచకు, ఉంచితే అధ్యక్షురాలి రంగే అందరి రంగు అవుతుంది. బహుమతి చిన్నదిగా, అందరికీ పంచగలిగేదిగా ఉండాలి. పెద్ద బహుమతి పెట్టిన చోట తగవులు రావడం నేను చాలాసార్లు చూశాను.

నీకు మన అవధానం సంగతి గుర్తుచేయాలని ఉంది. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు అడుగుతుంటే, పద్యం రానివారు కూడా చివరిదాకా కదలకుండా కూర్చుంటారు. నిషిద్ధాక్షరిలో అవధాని ఒక అక్షరం చెప్పగానే పృచ్ఛకుడు తరువాతి అక్షరాన్ని నిషేధిస్తాడు, ఆ పోరు అందరి కళ్లెదుటే అక్షరం అక్షరంగా సాగుతుంది. మధ్యలో సంబంధం లేని సరదా ప్రశ్నలతో అప్రస్తుత ప్రసంగం వచ్చి మనసుకు విశ్రాంతినిస్తుంది. నీవు కూడా నాలుగు ప్రశ్నలకొకసారి ఒక పొడుపు కథో, పాటో పెట్టు. అన్నిటికంటే గొప్పది ధారణ. విడివిడిగా పూరించిన పద్యాలన్నిటినీ అవధాని ఆఖరున తిరిగి అప్పగిస్తాడు. నీ ఆటలో ఆ ధారణను సభలోని వారే చేయాలి. ఎక్కువ మంది తప్పిన మూడు ప్రశ్నలను గుర్తుపెట్టుకుని, చివరి పావుగంటలో మాటలు మార్చి మళ్లీ అడుగు. ‘డిజిటల్ అరెస్టు’ అంటూ పోలీసు దుస్తుల్లో వీడియో కాల్ చేసినవాడిని నమ్మాలా అని అడిగినప్పుడు, అలాంటి అరెస్టు చట్టంలోనే లేదని వారే చెప్పాలి. డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలన్న మాట హాలంతా ఒక్క గొంతుతో పలకాలి. సమయం చాలకపోతే మధ్యలో రెండు ప్రశ్నలు వదిలెయ్యి, ఈ పావుగంటను మాత్రం తగ్గించకు.

తప్పు రంగు ఎత్తినవారిని చూసి ఎవరైనా నవ్వితే, ‘ఈ మోసంలో బాగా చదువుకున్నవారు కూడా పడ్డారు’ అని వెంటనే చెప్పి ముందుకు సాగు.

ఆ రోజు నేను కూడా వస్తాను. చివరి వరుసలో కూర్చుంటాను. నాకు కూడా నాలుగు రంగు ముక్కలు ఇప్పించు. నీ మాట వెనకకు వినిపించకపోతే, ప్రశ్న లేని సమయంలో ఎరుపు ఎత్తుతాను, గమనించుకో.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న