పాత ఇల్లు ఉరుస్తుంటే ఎంతవరకు మనమే బాగు చేసుకోవచ్చు?

మీ ప్రశ్న చదివాను. నల్లగొండ దగ్గర తాతల నాటి ఇల్లు, ముందు భాగం బెంగళూరు పెంకులు, వెనక రెండు గదులు ముప్పై ఏళ్ల కిందటి స్లాబు, వానొస్తే రెండు చోట్లా ఉరుస్తున్నది. మేస్త్రీ మొత్తం కూలగొట్టి కొత్త స్లాబు పోద్దామంటున్నాడు, అంత డబ్బు లేదు, సొంతంగా చేసుకోవచ్చా అని అడిగారు. చాలా వరకు చేసుకోవచ్చు. దేవరకొండ దగ్గర మా ఇల్లూ ఇలాంటిదే. 2020 అక్టోబరు వానలకు వెనక గది ఉరిసినప్పటి నుంచి దాని కప్పు పని నేనూ మా బావమరిదీ కలిసే చేసుకుంటున్నాం. అయితే షాపుకు వెళ్లి వాటర్‌ప్రూఫింగ్ డబ్బా కొనే ముందు నీళ్లు ఎక్కడ దిగుతున్నాయో తేల్చుకోండి. చుక్క పడే చోటు వేరు, నీళ్లు దూరే చోటు వేరు. అది తేలకుండా పైన ఎంత పూసినా డబ్బు దండగ.

మా గదిలో చుక్క ఫ్యాను కొక్కెం దగ్గర పడేది. అందరూ ఆ కొక్కెం పైనున్న చోటే పగిలిందన్నారు. అసలు సంగతేమిటంటే, పిట్టగోడ మొదట్లో, తూము గొట్టం పక్కన వెంట్రుకంత సందు ఉంది. అక్కడ దిగిన నీళ్లు స్లాబులో వేసిన కరెంటు పైపులోకి చేరి, ఆ పైపు వెంట నడిచి ఫ్యాను దగ్గర బయటపడుతున్నాయి. మీ ఇంట్లో కూడా లైటు, ఫ్యాను దగ్గరే కారుతుంటే ముందు ఆ గదికి కరెంటు ఆపే ఎంసీబీ స్విచ్చి దించేయండి. బాగయ్యేదాకా వేయకండి.

తేల్చుకునే పద్ధతి చెప్తాను. ఎండ కాసే రోజు చూసుకుని, ఒకరు కింద టార్చితో నిలబడాలి, ఒకరు పైన పైపుతో నీళ్లు వదలాలి. తూము ఉన్న పల్లపు వైపు నుంచే మొదలుపెట్టండి. ఒక్కో చోట పావుగంటైనా వదిలి, కింద తడి కనపడకపోతేనే మిట్ట వైపు జరగండి. మిట్ట నుంచి మొదలుపెడితే నీళ్లు అంతటా పారి, ఎక్కడ దిగాయో చెప్పడం ఎవరి తరమూ కాదు. పిట్టగోడ మొదలు, తూము చుట్టూ, ట్యాంకు దిమ్మె కింద, స్లాబును తర్వాత పెంచి ఉంటే ఆ అతుకు: పాత స్లాబుల్లో ఎక్కువగా ఈ నాలుగు చోట్లే దొరుకుతాయి. నడిమధ్య పగుళ్లు వాటి తర్వాతే.

దొరికాక చేసే పని పెద్ద కష్టం కాదు, ఓపిక కావాలి. పగులును ఉలితో పైన వెడల్పు, లోపల సన్నం వచ్చేలా చెక్కండి. వైరు బ్రష్‌తో రుద్ది దుమ్మంతా పోయేలా కడగండి. ఆ తర్వాత లేటెక్స్ (సిమెంటు బాగా పట్టడానికి కలిపే పాల లాంటి ద్రవం) కలిపిన సిమెంటు మసాలాతో నింపండి. పిట్టగోడ, స్లాబు కలిసే మూలలో నీళ్లు ఆగకుండా అదే మసాలాను ఏటవాలుగా తిప్పి నున్నగా చేయండి. గోనె పట్టాలు కప్పి నాలుగైదు రోజులు తడపండి. మసాలా గట్టిపడి, స్లాబంతా బాగా ఆరాకే అక్రిలిక్ కోటింగ్, అంటే నీళ్లు దిగకుండా పైన రంగులా వేసే పూత. ఆరిందో లేదో తెలియాలంటే ఒక ప్లాస్టిక్ కవరును నాలుగు వైపులా టేపుతో అంటించి రాత్రంతా వదిలేయండి. పొద్దున కవరు లోపల చెమ్మ కనపడితే ఇంకా ఆగాలి. మూలల్లో, పూడ్చిన పగుళ్ల మీద మొదటి పూత పచ్చిగా ఉన్నప్పుడే ఫైబర్ జాలి అద్ది, ఆరాక రెండో పూత దానికి అడ్డంగా వేయండి. జాలి లేకుండా పూస్తే ఎండకు స్లాబు సాగి, చలికి ముడుచుకుంటుంటే అదే గీత మీద మళ్లీ విచ్చుకుంటుంది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం స్లాబు కాలిపోతుంటుంది, అప్పుడు పూస్తే పట్టకముందే ఎండి పొరలు లేస్తుంది. పొద్దున్నే లేదా సాయంత్రం చేయండి, మృగశిర లోపు ముగించండి.

ఇక నీళ్లు నిలుస్తున్నాయి కదా అని స్లాబు మీద ఇంకో రెండంగుళాల కాంక్రీటు పోయించాలనుకుంటే కాస్త ఆలోచించండి. రెండంగుళాల మందమంటే చదరపు అడుగుకు పదకొండు కిలోల పైమాటే. పదడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవున్న గది మీద పదమూడు క్వింటాళ్ల బరువు పెట్టినట్టు. ముప్పై ఏళ్ల స్లాబు మీద ఆ బరువు నేనైతే పెట్టను. గుంట పడిన చోట మాత్రమే సన్నగా పూసి, నీళ్లు తూము వైపు పోయేలా వాటం తెస్తే చాలు.

స్లాబు అడుగున పెచ్చులు ఊడి ఇనుము కనపడుతుంటే మాత్రం దాన్ని మీరే బాగు చేయబోకండి. చువ్వ తుప్పు పట్టి ఉబ్బి, కింది కాంక్రీటును నెట్టేసిందన్నమాట. పైన సిమెంటు మెత్తి రంగు వేస్తే లోపల తుప్పు ఆగదు. చిన్న సుత్తితో చుట్టూ తట్టి చూడండి. డొల్ల శబ్దం చాలా మేర వస్తుంటే ఆ గదిలో పడుకోవడం మానేసి ఇంజనీరుకు చూపించండి. మేస్త్రీ మాట ఒక్కటే సరిపోని చోటు ఇది.

పెంకుల భాగం గురించి నాకు చాలా ఆశ ఉంది, దాన్ని దయచేసి తీసేయకండి. మన దగ్గర పెంకుటిళ్లను చెడగొట్టేది వాన కన్నా కోతులు. అవి దుంకిన చోట పెంకులు పగులుతాయి, జరుగుతాయి. అందుకే విసిగిపోయి ఊళ్లకు ఊళ్లే రేకులు వేసుకున్నాయి. పగిలిన పెంకు పట్టుకోవడం సులువు. మిట్ట మధ్యాహ్నం తలుపులు మూసి లోపల నుంచి పైకి చూస్తే, పగిలిన చోట ఎండ చుక్కలా మెరుస్తుంది. అక్కడ రీపరు (పెంకులు ఆనే సన్నని కర్ర) మీద సుద్దతో గుర్తు పెట్టండి. దాని పై వరుస పెంకును కొద్దిగా ఎత్తి చెక్క ముక్క ఆనించి, పగిలింది లాగి కొత్తది దూర్చాలి. ఒక్కో కంపెనీ అచ్చు ఒక్కో కొలత, అందుకని పగిలిన ముక్కను వెంట తీసుకుని ఇళ్లు కూలగొట్టిన చోట పాత సామాను అమ్మేవాళ్ల దగ్గర వెతకండి. వేలితో తట్టితే ఖంగుమనాలి, మొద్దుగా మోగితే లోపల చీలిక ఉన్నట్టే. కొప్పు పెంకుల కింది మసాలా ఊడి ఉంటే సున్నం, ఇసుక కలిపి అందులో కొద్దిగానే సిమెంటు వేయండి. అచ్చం సిమెంటు పెడితే కర్ర కదిలినప్పుడల్లా పగులుతుంది.

మీ ముందు గది గోడలు డంగు సున్నంతో కట్టినవైతే ఇదే మాట వాటికీ వర్తిస్తుంది. కరక్కాయ, బెల్లం నీళ్లు పోసి రుబ్బిన ఆ సున్నం చెమ్మను పీల్చి ఎండకు వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే చెమ్మ లోపలే ఉండిపోయి, గోడ అడుగు నుంచి చవుడు కొట్టి పొరలు పొరలుగా రాలుతుంది. సున్నంతోనే పూయించండి.

వేడి గురించి కూడా అడిగారు. మన దగ్గర మే నెలలో 44, 45 డిగ్రీలు మామూలే. స్లాబుకు తెల్ల కూల్ రూఫ్ పెయింట్ వేస్తే కింది గది రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. రాష్ట్ర ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఇందుకే. డబ్బు తక్కువుంటే సున్నంలో కొంచెం ఫెవికాల్ కలిపి వేసుకున్నా చల్లదనం వస్తుంది, ఏటా వేయాలి. కానీ అది ఉరవడాన్ని ఆపదు, ఆ రెండూ వేర్వేరు పనులు.

పెంకుల మీదికి ఎక్కే ముందు దూలాలు, వాసాలు చూసుకోండి. కర్ర నడుమ కాదు, గోడలోకి దూరిన చివర్లు ముందు చెడతాయి, చెదలు కూడా అక్కడి నుంచే వస్తాయి. సన్నని స్క్రూడ్రైవర్‌తో గుచ్చండి, మెత్తగా దిగితే ఆ దూలం పోయినట్టే. తాటి వాసాలైతే పై పెచ్చు గట్టిగా ఉండి లోపల పొడై ఉంటుంది, అందుకే గుచ్చి చూడాలి, కంటితో తెలియదు. అలాంటిది దొరికితే పైకి ఎక్కకుండా కింద గుంజ నిలబెట్టించి, వడ్ల పని తెలిసినవాళ్లతో మార్పించండి. స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు పెంకులకు ఆనుకుని ఉంటుంది చూడండి, తోలు ఊడిందేమో గమనించండి. ఊడి ఉంటే లైన్‌మన్‌ను పిలిచి సరిచేయించాకే నిచ్చెన వేయండి.