సస్కటూన్ వస్తున్న అమ్మలుకి

చి. సౌ. అమ్మలుకి పిన్ని ఆశీస్సులు.

నవంబరులో కెనడాలోని సస్కటూన్‌లో దిగుతున్నారంటే సరిగ్గా చలి ముదిరే వేళకి వస్తున్నారన్నమాట. మైనస్ 30 అని విని మీ అమ్మ ఒకటే టెన్షన్. ఆ చలికి తగ్గ బట్టలు ఇక్కడ దొరుకుతాయి. నా బెంగ వేరు. డిసెంబరులో తొమ్మిది దాటాక తెల్లారి, ఐదింటికే చీకటి పడుతుంది. అల్లుడుగారు ఆఫీసుకి వెళ్ళాక నువ్వూ పాపా మార్చి దాకా గడప దాటకుండా ఉండిపోతారేమోనని.

అలా మాత్రం కానివ్వకు. ఉద్యోగానికి కావలసిన సిన్ నంబరు, హెల్త్ కార్డు పనులు కాగానే ఓపెన్ డోర్ సొసైటీకి వెళ్ళు. పీఆర్ మీద, అంటే శాశ్వత నివాసానికి వచ్చినవాళ్ళకి బడి దగ్గర్నుంచి ఉద్యోగం దాకా అన్నీ విడమరిచి చెబుతారు, డబ్బు తీసుకోరు. పాపని లైబ్రరీలో కథలు చెప్పే రోజున తీసుకెళ్ళు. అక్కడికొచ్చే తల్లులతో నువ్వే ముందు పలకరింపు కలుపు. ఇక్కడివాళ్ళు మంచివాళ్ళే, కాస్త మొహమాటం ఎక్కువ.

ఇండియా డ్రైవింగ్ లైసెన్సు 90 రోజులే చెల్లుతుంది. ఈలోగా ఇక్కడ లైసెన్సులిచ్చే ఎస్‌జీఐలో పరీక్ష ఇద్దరూ రాయండి. ఆయనకొచ్చింది చాల్లే అనుకున్నావంటే పాలప్యాకెట్టుకి కూడా ఆయన కోసం ఎదురుచూడాలి. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను.

ఇల్లు చూసేటప్పుడు పార్కింగులో కరెంటు ప్లగ్గుందా అని తప్పకుండా అడుగు. ఇక్కడ కార్ల ముందు చిన్న వైరు వేలాడుతుంటుంది. అది బ్లాక్ హీటరుది. గట్టి చలి రాత్రుళ్ళు దాన్ని ప్లగ్గులో పెడితే ఇంజను వెచ్చగా ఉంటుంది. లేకపోతే పొద్దున్నే బండి మొరాయిస్తుంది. ఇంటివాళ్ళు అడ్వాన్సు నెల అద్దెకి మించి అడగకూడదు. అందులోనూ చేరేటప్పుడు సగమిచ్చి, మిగతాది రెండు నెలల్లో ఇవ్వచ్చు.

మీ అమ్మతో మాట్లాడటానికి ఇబ్బందేం లేదు. ఈ రాష్ట్రంలో గడియారాలు ముందుకీ వెనక్కీ తిప్పరు, ఏడాది పొడుగునా తేడా పదకొండున్నర గంటలే. నీకు రాత్రి తొమ్మిదైతే అక్కడ మర్నాడు పొద్దున ఎనిమిదిన్నర.

హైదరాబాదులో కోట్లు కొనకండి, ఇక్కడి చలికి ఆగవు. పాప టీకాల కార్డు చేతిసంచిలోనే పెట్టుకో. మేం రెజైనా నుంచి ఎయిర్‌పోర్టుకి వస్తున్నాం, ముగ్గురికీ కోట్లు, బూట్లు తెస్తాం. లోపల ఉన్ని మేజోళ్ళు పట్టాలి కాబట్టి బూట్లు ఒక సైజు పెద్దవే కొంటాను. కాలికొలతలు ఈ వారంలోనే పంపు.

మీ పిన్ని