ముఖం తర్వాత చూడు బిడ్డా

నల్లగొండ

బిడ్డా,

మీ కాలేజీలో సినిమా క్విజ్‌కు పేరిచ్చావని, బొమ్మ చూపించి, క్లూలు చెప్పి పాత సినిమా పేరు అడుగుతారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. బాగా టెన్షన్ పడుతున్నావట. ముప్పై ఏండ్లు ప్రొజెక్టర్ పక్కన నిలబడి బతికినోణ్ని, ఈ ఒక్క విషయంలో నీకు పనికొచ్చే మాట చెప్పగలను. అందుకే ఫోన్‌లో కాకుండా కూర్చొని రాస్తున్నాను.

నేను థియేటర్‌లో పనికి చేరకముందే ఈ ఆట నాకు తెలుసు. రీలు తెగితే ఆపరేటర్ రెండు కొసలు గీకి, సిమెంటు పూసి అతికించేవాడు. చెడిపోయిన ముక్కను కిటికీలోంచి బయట పడేసేవాడు. మేం పిల్లలం ఆ ముక్క కోసమే గోడ కింద కాచుకొని ఉండేవాళ్లం. దొరికినోడు దాన్ని ఎండకు ఎత్తి పట్టాలి, మిగతావాళ్లు ఏ సినిమానో చెప్పాలి. గోరు కంటే కాస్త పెద్ద బొమ్మ. అందులో ముఖం ఏం తెలుస్తుంది? అందుకని మేం ముఖం వదిలేసి మిగతావన్నీ చూడటం నేర్చుకున్నాం. మనుషులు సన్నగా, పొడుగ్గా సాగదీసినట్టు ఉంటే అది సినిమాస్కోప్, అంటే వెడల్పాటి తెర సినిమా ముక్క. ప్రొజెక్టర్ ముందు బిగించే లెన్సు వాళ్లను తెర మీద మళ్లీ మామూలు మనుషుల్ని చేస్తుంది. తెలుగులో మొదటి సినిమాస్కోప్ 1974లో వచ్చిన అల్లూరి సీతారామరాజు. అంటే సాగిన బొమ్మ దొరికితే, అంతకుముందు వచ్చిన తెలుగు సినిమాలన్నీ ఒక్కసారే పక్కకు పోయినట్టు.

నీకు చూపించే బొమ్మ సాగి ఉండదు, కానీ దాని ఆకారం మాత్రం చూడు. అడ్డంగా బాగా వెడల్పుగా ఉందా, చదరానికి దగ్గరగా ఉందా? అక్కడే సగం పని అయిపోతుంది.

రంగు దగ్గర జాగ్రత్త. మొదటి పూర్తి రంగుల తెలుగు సినిమా 1963 నాటి లవకుశ. కానీ మాయాబజార్ 1957లో నలుపు తెలుపులో తీసిందే, 2010లో రంగులు వేసి మళ్లీ విడుదల చేశారు. రంగుల్లో శశిరేఖ కనబడగానే ఇది అరవైల తర్వాతది అనుకుంటే పప్పులో కాలేసినట్టే. దీనికి తిరగేసిన మోసం ఇంకొకటుంది. ఒక పెండ్లి ఇంట్లో నాకు సముద్రపు ఒడ్డున ఉన్న నలుపు తెలుపు జంట బొమ్మ చూపించారు. అరవైల నాటిదని గట్టిగా చెప్పాను. అది 1978 నాటి మరోచరిత్ర. అందరూ రంగుల్లో తీస్తున్న కాలంలో బాలచందర్ దాన్ని నలుపు తెలుపులో తీశారు. ఆ సంగతి తెలిసి కూడా తొందరపడ్డానే అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ తర్వాత వచ్చిన మాభూమి కూడా నలుపు తెలుపే.

ముఖం తర్వాత చూడమని ఎందుకంటున్నానంటే, ఎన్టీఆర్, ఏఎన్నార్ వందల సినిమాల్లో ఉన్నారు. ముఖం తెలిసినంత మాత్రాన సినిమా తెలియదు. చీర కట్టు చూడు, దీపం చూడు, గోడ మట్టిదా సున్నందా చూడు, వెనక నిలబడ్డవాళ్ల చేతుల్లో ఏముందో చూడు. మాభూమిలాంటి వాటిల్లో నువ్వు పట్టుకోవడానికి పెద్ద స్టార్లు ఉండరు. ఊరే నీకు సాక్ష్యం చెప్పాలి. 1974లో శ్యామ్ బెనెగల్ తీసిన అంకుర్ హిందీదే, కానీ ఊరు తెలంగాణది. హిందీ సినిమా అనగానే బొంబాయి వైపే చూడకు.

దాసి సినిమా నువ్వు తప్పకుండా చూడాలి. 1988లో బి. నర్సింగరావు తీశారు. గడీలో, అంటే దొర ఇంట్లో, దాసిగా అర్చన చేసింది, జాతీయ ఉత్తమ నటి అయింది. దుస్తులకూ జాతీయ అవార్డు వచ్చింది, అవి చేసిన సుదర్శన్ మన మిర్యాలగూడ ఆయన. జనం ఆయన్ను దాసి సుదర్శన్ అనే పిలిచారు. ఒక మనిషికి సినిమా పేరే ఇంటిపేరు అయిందంటే ఆ బట్టల్లో ఎంత పనుందో ఆలోచించు. సినిమాను ఒకసారి మామూలుగా చూడు, రెండోసారి మాటలు ఆపేసి బట్టలు మాత్రమే చూడు.

క్లూలు మీరు కూడా తయారు చేయాలట కదా. కష్టంగా ఉండాలని ఎవరికీ తెలియని సంగతులు వెతకొద్దు. జవాబు చెప్పాక వినేవాడు 'అరె, నాకు తెలిసిందే కదా' అనాలి, అదే మంచి క్లూ. నేనైతే లవకుశకు ఇలా ఇస్తాను: ముందు, 'తండ్రి మొదలుపెట్టి కొడుకు పూర్తి చేసిన సినిమా.' సి. పుల్లయ్య మొదలుపెడితే, ఆయన కొడుకు సి.ఎస్. రావు పూర్తి చేశారు. ఆ సినిమా కథ కూడా తండ్రీకొడుకులదే కాబట్టి ఆ మాట రెండు వైపులా పని చేస్తుంది. అప్పటికీ తెలియకపోతే, 'కోదాడ దగ్గరి గుడిబండ ఆయన ఇందులో అన్న మాట జవదాటడు.' అది కాంతారావు, లక్ష్మణుడి వేషం. రంగు సంగతి ఆఖరుకు దాచుకో, అది చెబితే ఎవరైనా చెప్పేస్తారు.

మహబూబ్‌నగర్ బస్సెక్కే పక్కింటి పిల్లవాడి చేతికి ఒక రేకు డబ్బా ఇచ్చి పంపుతున్నాను. నేను ఇన్నేండ్లు దాచుకున్న ఫిలిం ముక్కలు అందులో ఉన్నాయి. అంచులు పట్టుకో, బొమ్మ మీద వేలు పెట్టకు. అన్నిటికంటే పైన ఉన్న ముక్కలో ఒక చెయ్యి, ఒక రాగి చెంబు, సగం తలుపు మాత్రమే కనిపిస్తాయి. అదేం సినిమానో నేను ఎక్కడా రాయలేదు. ఆదివారం పొద్దున ఫోన్ చేస్తాను, చూసి చెప్పు.

మీ మామ