కెమెరా పెట్టగానే తాత మాట్లాడకపోతే

తమ్ముడూ, నీ డాక్యుమెంటరీలో నల్గొండ జిల్లా మర్రిగూడ దగ్గర ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు పాడయ్యే జబ్బు) ఉన్న తాత మామూలుగా గలగలా మాట్లాడతాడు, కెమెరా ఆన్ చేస్తే మాత్రం నోరు విప్పడని రాశావు. తప్పు ఆయనది కాదు. ఆ ఊళ్లకు ఏళ్ల తరబడి కెమెరాలు వచ్చాయి, వంకర తిరిగిన కాళ్లను షూట్ చేసుకుని వెళ్లిపోయాయి. నువ్వూ ఆ లెక్కలోనే పడ్డావు.

రేపు ట్రైపాడ్ బండిలోనే ఉండనీ. ఆయనకు చెప్పే, చొక్కాకు చిన్న మైకు పెట్టి ఆడియో మాత్రమే తీసుకో. జబ్బు సంగతి ముందే ఎత్తకు. చేదబావి ఎప్పుడు ఎండింది, బోరు ఎవరు వేయించారు, ఆ నీళ్లతో పప్పు ఉడికేదా, ఇవి అడుగు. నేను ఒక అవ్వను ఇట్లాగే అడిగితే లేచి వెళ్లి బిందె తెచ్చి, అడుగున పేరుకున్న తెల్లపొరను గోటితో గీకి చూపించింది. (అది ఫ్లోరైడ్ కాదు, సున్నం. అయినా తర్వాత తీసిన ఆ చేతి షాటే నా సినిమాకు ప్రాణం.) మూడో రోజు కెమెరా తీస్తే ఆమె పట్టించుకోనే లేదు.

వాయిస్ ఓవర్‌లో ‘విషపు నీళ్లు’ అని సరిపెట్టకు. గ్రానైట్ రాళ్లలోని ఫ్లోరైడ్ భూగర్భ జలంలో కరుగుతుందని, తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని చెప్పు. పటిక, సున్నంతో దాన్ని తగ్గించే పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరుంది, అదీ వాడుకో.

ఎడిటింగ్ అయ్యాక ముందు తాతకే చూపించు. ఏదైనా తీసేయమంటే తీసేయ్. ఆ మాట ఇప్పుడే ఇచ్చెయ్, సగం బిగువు అక్కడే సడలుతుంది.