గోడలపై బొమ్మలు వేస్తే కాలనీకి నిజంగా కళ వస్తుందా?

వస్తుంది, కానీ జనం నడిచే వీధుల్లో వేసినప్పుడే. చూడటానికి ఏదైనా ఉంటే మనిషి నెమ్మదిస్తాడు, ఆగుతాడు. మనుషులు ఆగే చోట చాయ్ బండి నిలుస్తుంది, పొద్దుపోయాక నడవాలన్నా భయం తగ్గుతుంది.

ఢిల్లీ లోధీ కాలనీ చూడండి. 1940ల నాటి ప్రభుత్వ క్వార్టర్లు, ఎత్తైన కమాను ద్వారాలు, వాటికి రెండువైపులా ఖాళీ గోడలు, చెట్ల నీడలో ఫుట్‌పాత్‌లు. 2015 తర్వాత వీధి చిత్రకళ కోసం పనిచేసే స్టార్ట్ (St+art) ఇండియా ఫౌండేషన్ చొరవతో దేశవిదేశాల చిత్రకారులు ఆ గోడలపై బొమ్మలు వేశారు. ఇప్పుడు వాటిని చూడటానికే జనం వస్తున్నారు. ఆ నీడా, ఆ ఫుట్‌పాత్‌లూ లేకపోతే ఇంతమంది వచ్చేవారు కాదు.

రంగులేస్తే చాలని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. ఫ్లైఓవర్ స్తంభం మీద ఎంత మంచి బొమ్మ వేసినా బండి మీద వెళ్లేవాళ్లు ఆగరు. పైగా ఎండకీ వానకీ రంగు వెలిసిపోతుంది, మళ్లీ వేయించాల్సిందే.