షెడ్డుకు మాత్రం టైముకి వెళ్తాడు

ప్రశ్న: మా అబ్బాయికి పదహారేళ్లు. ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. దసరా సెలవులకు వచ్చి మళ్లీ హాస్టల్‌కు పోనంటే పోనన్నాడు. ఏమన్నా అంటే తలుపులు బాదుతాడు. మొన్న రిమోట్ గోడకేసి కొట్టాడు. వాళ్ల నాన్న ఫోన్ లాక్కుని బియ్యం డబ్బాలో దాస్తే రెండు రోజులు అన్నం ముట్టలేదు. పొద్దున తొమ్మిదింటికల్లా వాళ్ల బాబాయి బైక్ మెకానిక్ షెడ్డుకు పోతాడు, అక్కడ ఆయన తిట్టినా పడతాడు. మేం ఒక్క మాటంటే పడడు. ఇక వీడి మీద ఆశ వదులుకోవడమేనా?
– ఒక తల్లి, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, మీరు ఫిర్యాదుగా రాసిన మాట నాకు మంచి కబురులా ఉంది. ఎవరూ లేపకుండా లేచి, టైముకి వెళ్లి, తిట్లు తిని కూడా పని దగ్గర నిలబడుతున్నాడు. కోపాన్ని పట్టుకోవడం వాడికి చేతకాక కాదు. షెడ్డులో వాడి చెయ్యి పనికొస్తోంది. హాస్టల్‌లో వారం వారం టెస్టు మార్కులతో సెక్షన్ మార్చే చోట వాడు ఏ సెక్షన్‌లో మిగిలాడో ఓసారి అడిగి చూడండి. తిట్టడానికి కాదు, తెలుసుకోవడానికి.

చదువు సంగతి కంటే ముందు ఒకటి చూడాలి. ఈ వయసులో డిప్రెషన్ చాలాసార్లు ఏడుపుగా కాక చిరాకుగా, విసురుగా బయటపడుతుంది. రాత్రిళ్లు నిద్ర పడుతోందా? స్నేహితులతో మాట్లాడుతున్నాడా? చేతుల మీద గాట్లేమైనా ఉన్నాయా? గంజాయి, వైట్‌నర్ లాంటివేమైనా? అనుమానం వస్తే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు, రాత్రయినా ఎత్తుతారు. ‘చచ్చిపోతా’ అన్నాడంటే మాత్రం బెదిరింపు అనుకోకండి. వాణ్ని ఒంటరిగా వదలకుండా ఆ రోజే సైకియాట్రిస్టు దగ్గరకు తీసుకెళ్లండి.

ఫోన్ గొడవకు మీరిద్దరూ ముందు ఒక మాట మీదకు రావాలి. నాన్న లాక్కోవడం, అమ్మ జాలిపడి తిరిగివ్వడం జరుగుతుంటే ఎంతసేపు అరిస్తే పని అవుతుందో వాడికి లెక్క తెలిసిపోతుంది. ఒక్కటే రూలు పెట్టండి: రాత్రి పదింటికి ముగ్గురి ఫోన్లూ హాల్లో చార్జింగుకు. మీవి కూడా. మొదటి వారం అరుపులు పెరుగుతాయి, కంగారుపడకండి. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో నేను పిల్లల చేత పెద్ద పెద్ద టైంటేబుళ్ల మీద సంతకాలు పెట్టించేవాణ్ని. రెండో వారానికి ఒక్కటీ గోడ మీద ఉండేది కాదు.

ఇక దారుల సంగతి. ఫస్టియర్‌లో కొన్ని సబ్జెక్టులు పోయినా సెకండియర్‌కు వెళ్లొచ్చు, సప్లిమెంటరీ ఉంటుంది. హాస్టలే గిట్టకపోతే ఊళ్లోని ప్రభుత్వ జూనియర్ కాలేజీలో డే స్కాలర్‌గా కుదురుతుందేమో అడగండి. ఎంపీసీయే వద్దంటే పదో తరగతి మార్కుల మెమో చేతిలో ఉంది కదా. పాలీసెట్ రాస్తే మూడేళ్ల డిప్లొమా, మెకానికల్ గానీ ఆటోమొబైల్ గానీ. ఆ తర్వాత ఈసెట్‌తో నేరుగా బీటెక్ సెకండియర్‌లో చేరొచ్చు. ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడు రెండేళ్లు. అది ముగిశాక ఆర్టీసీలో, రైల్వేలో అప్రెంటిస్‌షిప్‌కు అప్లై చేసుకోవచ్చు. ‘మెకానిక్ అయితే నలుగురూ ఏమనుకుంటారు’ అన్నది మీ ఉత్తరంలో లేదు గానీ వాళ్ల నాన్న మనసులో ఉంటుందని నా అనుమానం. ఆ నలుగురి బళ్లూ ఆ షెడ్డుకే వస్తాయని ఆయనకు చెప్పండి.

బాబాయికి కూడా ఒక మాట. ట్రయల్ పేరుతో వాడి చేతికి బండిచ్చి రోడ్డెక్కించొద్దు. 2019లో చట్టం మార్చాక మైనర్ నడిపితే బండి యజమానికో, తల్లిదండ్రులకో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు పడొచ్చు.

ఆశ అన్నారు కాబట్టి చెప్తున్నాను. వంటింట్లో కిరాణా కొట్టు వాళ్లిచ్చిన క్యాలెండర్ ఉంటుంది కదా, రోజూ రాత్రి ఆ తేదీ గడిలో వాడు సరిగా చేసిన ఒక్క పని రాయండి. ‘కంచం తీశాడు.’ ‘తలుపు మెల్లగా వేశాడు.’ వాడికి చూపించొద్దు. గొడవైన రోజు వెనక్కి తిప్పి మీరే చదువుకోండి. ఖాళీ గడులు కూడా ఉంటాయి, ఉండనివ్వండి.

ఈ ఆదివారం టిఫిన్ బాక్సు మీరే షెడ్డుకు తీసుకెళ్లండి. పక్కనే స్టూలు మీద కూర్చుని, కార్బొరేటర్ ఎలా విప్పుతారో చూపించమనండి. ఇంటర్ మాట ఎత్తొద్దు. వాడు ఎత్తితే వినండి. పాలీసెట్ నోటిఫికేషన్‌కు ఇంకా టైముంది.